మధ్యలో వదిలేసే మాట

మా ఇళ్లలో బైబిలు వరసగా చదివే అలవాటు ఉండేది. రాత్రి అన్నాలయ్యాక లాంతరు చుట్టూ చేరి రోజుకో అధ్యాయం. లేవీయకాండంలో పిల్లలకు నిద్ర ముంచుకొచ్చేది, దినవృత్తాంతాల్లో పేర్లు పలకలేక నాలుక మడతపడేది, అయినా ఏదీ దాటేసేవారు కాదు. ఒక్క పుస్తకం తప్ప. ప్రసంగి అయిపోగానే నాన్న నాలుగైదు కాగితాలు ఒక్కసారే తిప్పేసి యెషయా మొదలుపెట్టేవాడు. మధ్యలో ఏముందో మాకు తెలుసు. ఎవరూ చూడనప్పుడు తీసి చూసినవాళ్లమే అందరం. పరమగీతం. ఎనిమిది అధ్యాయాలు, 117 వచనాలు. ముద్దులు, తలవెంట్రుకలు, దానిమ్మపండు చెక్కలాంటి కణతలు. అది సంఘానికీ క్రీస్తుకూ మధ్య ఉన్న ప్రేమ అని గుళ్లో అయ్యగారు ఒక్క ముక్కలో తేల్చేసేవారు. అంత మంచి సంగతైతే ఎందుకు దాటేస్తున్నారని అడిగే ధైర్యం మాకు లేదు.

ఆ పుస్తకాన్ని నాచేత పైకి చదివించింది మా నాయనమ్మ.

ఆవిడ దివిసీమలో ఉండేది, నాగాయలంక దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక పల్లెలో. మేం బెజవాడలో. నాన్నకు రైల్వేలో ఉద్యోగం. ఎండాకాలం సెలవులివ్వడం ఆలస్యం, నన్ను అవనిగడ్డ బస్సెక్కించేసేవారు. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది. ఆ రెండు పాయల నడుమ సముద్రం దాకా సాగిన నేలే దివిసీమ. అటు నది, ఇటు నది, ఎదురుగా సముద్రం. వేసవిలో అక్కడికి వెళ్లిన పిల్లాడికి అంతకంటే ఏం కావాలి? అక్కడ బతికేవాళ్లకు ఆ నీళ్లంటే ఏమిటో నాకు చాలాకాలం తెలియలేదు.

నాయనమ్మది మిషను బడిలో మూడో తరగతి. మచిలీపట్నంలో 1841లో ఫాక్సు, నోబుల్ అనే ఇద్దరు దొరలు దిగి పని మొదలుపెట్టాక, ఆ చుట్టుపక్కల పల్లెల్లో బడీ గుడీ జంటగా పుట్టుకొచ్చాయి. మా ఊళ్లో అయితే రెండూ ఒకే పాక. మిగతా రోజులు పలకలు, ఆదివారం కీర్తనలు. ఆ మూడో తరగతితోనే ఆవిడ బైబిలు ఎన్నోసార్లు చదివేసింది. నేను వెళ్లేనాటికి రెండు కళ్లకూ శుక్లాలు వచ్చాయి. ఆపరేషను అంటే భయం. అందుకని సెలవుల్లో ఆవిడ కళ్లు నేనే. మధ్యాహ్నం వేళ వసారాలో నులకమంచం మీద పడుకుని, నా చేతికి ఎర్ర అంచుల బైబిలిచ్చి, ఎక్కడ తీయాలో చెప్పేది. ఒకరోజు, "పరమగీతం చివర్న తియ్యరా" అంది.

నేను సిగ్గుపడి అటూ ఇటూ చూశాను.

"ఎవరూ లేర్లే, తియ్యి. ఎనిమిది, ఆరు."

చదివాను. "ప్రేమ మరణమంత బలవంతమైనది, ఈర్ష్య పాతాళమంత కఠోరమైనది, దాని జ్వాలలు అగ్నిజ్వాలా సమములు, అది యెహోవా పుట్టించు జ్వాల." తర్వాత ఏడో వచనం. "అగాధసముద్రజలము ప్రేమను ఆర్పజాలదు, నదీప్రవాహములు దాని ముంచివేయజాలవు, ప్రేమకై యొకడు తన స్వాస్థ్యమంత యిచ్చినను తిరస్కారముతో అతడు త్రోసివేయబడును."

చదివి ఆగాను. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది రాసినాయన ఎవరోగానీ నీళ్లు చూశాడు" అంది.

1977 నవంబరు 19, శనివారం. కృష్ణా జిల్లాలో ఆ తారీఖు చెబితే మిగతాది చెప్పక్కర్లేదు. పొద్దుటినుంచీ ఈదురుగాలి. పొద్దు వాలకముందే చీకటి పడిపోయింది. సముద్రం లేచి ఊళ్ల మీదికొచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి తీరపు ఊళ్లలో గోడలనేవి మిగల్లేదు. ప్రభుత్వ లెక్కలే చనిపోయినవాళ్లను పది వేల దరిదాపుల్లో చెప్పాయి. ఆ ఊళ్లలో ఎవర్నడిగినా ఆ లెక్కను ఒప్పుకోరు. తుమ్మచెట్లను వాటేసుకుని, ముళ్లు ఒళ్లంతా దిగినా వదలకుండా రాత్రంతా వేలాడి బతికినవాళ్లున్నారు. వాళ్లలో కొందరిని నేను పెద్దవాళ్లయ్యాక చూశాను. చొక్కా విప్పితే చేతుల మీద, ఛాతీ మీద ఆ గీతలు అలాగే ఉండేవి.

మా నాన్న అప్పటికే బెజవాడలో ఉన్నాడు, నేను చిన్నవాణ్ని. ఊళ్లో ఉన్నది తాతయ్య, నాయనమ్మ, పదేళ్ల మేనత్త, తాతయ్య వాళ్ల అమ్మ. ఆ ముసలావిడను మేం తాతమ్మ అనేవాళ్లం. అప్పటికి మంచం దిగలేని స్థితి. నీళ్లు వాకిట్లోకి వచ్చేసరికి తాతయ్య నాయనమ్మనూ అత్తనూ ఈడ్చుకుంటూ రైసు మిల్లు డాబా మీదికి చేర్చాడు. ఊళ్లో ఉన్న డాబా అదొక్కటే. వాళ్లను పైకెక్కించి, "అమ్మను తీసుకొస్తా" అని దిగాడు. అంతే. ఇద్దరూ దొరకలేదు.

ఇక్కడిదాకా మా ఇంట్లో అందరూ చెప్పే కథే. బంధువులొస్తే నాన్న ఇదే చెప్పేవాడు, చివర్లో గొంతు తగ్గించి, "తల్లి కోసం ప్రాణమిచ్చాడు" అనేవాడు. జ్ఞాపకార్థ కూడికల్లో అయ్యగార్లు ఇదే ఉదాహరణగా చెప్పి, తన స్నేహితులకొరకు ప్రాణము పెట్టువాని ప్రేమకంటె ఎక్కువైన ప్రేమ లేదన్న యోహాను సువార్త వచనం చదివేవారు. నాయనమ్మ ముందు వరసలో తల మీద ముసుగేసుకుని కూర్చుని వినేది. ఆవిడ మొహంలో ఏమీ కనిపించేది కాదు.

వసారాలో మాత్రం వేరే ఉండేది. ఆ రెండు వచనాలు ఎన్ని వేసవులు చదివించుకుందో. నేను కాస్త పెద్దయ్యాక గమనించిందేమిటంటే, ఆవిడకు కావలసింది నీళ్ల వచనం కాదు. దానికి ముందున్న ముక్క. నేను అలవాటైన వేగంతో చదువుకుంటూ పోతే ఆపేది.

"ఈర్ష్య దగ్గర్నుంచి మళ్లీ చదువు."

ప్రేమ గురించి మాట్లాడేవాళ్లెవరూ ఆ ముక్క చదవరు. పెళ్లి కార్డుల మీద ప్రేమ మరణమంత బలమైనదని వేస్తారు, వెంటనే కామా పెట్టి సముద్రం దగ్గరికి దూకేస్తారు. మధ్యలో పాతాళం ఉందని ఎవరికీ గుర్తుండదు. ఒకసారి నేనే అడిగాను, "ఆ ముక్క ఎందుకు నాయనమ్మా?" అని.

"మీ తాత దిగుతుంటే నేను పట్టుకున్నారా. ఈ చెయ్యే. నీళ్లు మొలలోతున్నాయి, వెళ్తే రావు, పిల్లముండ ఏడుస్తోంది, వద్దన్నా. విదిలించుకుని పోయాడు." కాసేపాగి, "తల్లిని వదిలేసి నా పక్కన కూర్చునుంటే రేపు వాడి మొహం చూసేదాన్నా? చూసేదాన్ని కాదేమో. ఆ సంగతి నాకు తెలుసు. అయినా చెయ్యి విదిలించాడు చూడు, అది నాకు ఇప్పటికీ మండుద్ది. మా అత్త మీద. ఆ ముసల్ది ఏం చేసింది పాపం, మంచంలో ఉంది. అయినా మండుద్ది" అంది.

నాకు ఏమనాలో తెలియలేదు. అంతదాకా నా దృష్టిలో ప్రేమ ఒకటి, ఈర్ష్య ఇంకొకటి. ఒకటి ఆత్మ ఫలాల జాబితాలో ఉంటుంది, రెండోది శరీర కార్యాల జాబితాలో. సండే స్కూల్లో రెండు గడులు గీసి రాయించారు. ఈ పుస్తకమేమో రెండింటినీ ఒకే వచనంలో పక్కపక్కన పెట్టి, ఒకదానికి మరణాన్ని, ఇంకోదానికి పాతాళాన్ని కొలతగా ఇచ్చింది. నాయనమ్మకు ఆ రెండు గడుల మీద నమ్మకం లేదు.

స్త్రీల కూడికలో రూతు గురించి సాక్ష్యం చెప్పమని ఆవిణ్ని అడుగుతుండేవారు. అత్తను వదలని కోడలు, అత్తతోపాటే భర్తనూ పోగొట్టుకున్న కోడలు, చక్కగా కుదురుతుందని వాళ్ల ఉద్దేశం. "నీవు వెళ్లు చోటికే నేను వచ్చెదను" అని రూతు అన్న మాటను ఇప్పుడు పెళ్లిళ్లలో భార్యాభర్తలకు వాడుతున్నారుగానీ, అది కోడలు అత్తతో అన్న మాట. నాయనమ్మ ఒక్కసారి కూడా ఒప్పుకోలేదు. "నేను రూతును కాదమ్మా, ఓర్పాను" అనేసేది. నయోమికి ఇద్దరు కోడళ్లు. రూతు వెంట వెళ్లింది, ఓర్పా అత్తను ముద్దుపెట్టుకుని పుట్టింటికి తిరిగిపోయింది. ఓర్పా మీద ప్రసంగం చేసిన అయ్యగారిని నేను ఇంతవరకు చూడలేదు. ముద్దుపెట్టుకుంది అని రాశారు కదా పాపం.

ఇక డబ్బు సంగతి.

ఉప్పెన తర్వాత పరిహారం వచ్చింది. తాతయ్యకు, తాతమ్మకు విడివిడిగా. తాతయ్య డబ్బు నాయనమ్మకు. తాతమ్మ డబ్బు ఎవరికి? తాతయ్య తమ్ముడు, మా చిన్నతాత, పక్కూళ్లో ఉండి బతికిపోయాడు. కొడుకుగా తనకే రావాలన్నాడు. అమ్మను చూసుకున్నది అన్న కుటుంబం, అమ్మ కోసం పోయింది అన్న, కాబట్టి అది వదినకే చెందాలని మా నాన్న వాదన. శవాలు దొరకని ఇంట్లో ఆ గొడవ నెలలపాటు నడిచిందట. నాయనమ్మ ఒక్క మాటతో తేల్చేసింది, "ముసలమ్మ డబ్బు వాళ్లకే ఇచ్చెయ్యండి." సంఘమంతా మెచ్చుకుంది. ఎంత పెద్ద మనసు అన్నారు. దాని గురించి నాతో చెబుతూ ఆవిడ నవ్వింది. "పెద్ద మనసా పాడా. మా అత్త డబ్బు నా ఇంట్లోకి రావడం ఇష్టంలేక."

తాతయ్య డబ్బుతో గేదెను కొంది. దాని పాలు అమ్మింది, దూడలను పెంచింది, మా మేనత్తను చదివించింది. అప్పుడప్పుడు ఎవరైనా జాలిగా, ఆ డబ్బు ముట్టుకోవడానికి మనసెలా ఒప్పిందమ్మా అంటే విసుక్కునేది. "డబ్బు తీసుకున్నాను, ఆయన్ని అమ్మలేదు. సర్కారువాళ్లు కూడా అది ఆయన ఖరీదని చెప్పలేదు. బియ్యానికని ఇచ్చారు." నాకు ఆ ఏడో వచనం చివరి ముక్క అప్పట్లో బొత్తిగా అర్థమయ్యేది కాదు. ప్రేమ కోసం ఆస్తంతా ఇస్తే ఎందుకు తిరస్కరిస్తారు? ఇచ్చినవాడు మంచివాడే కదా? ఈవిడకు మాత్రం అది అర్థమైనట్టే మాట్లాడేది.

ఆ అధ్యాయంలోనే ఇంకొంచెం కిందికొస్తే సొలొమోను ద్రాక్షతోట ఉంటుంది. కాపులకిచ్చాడట, ఒక్కొక్కడు వేయి రూపాయిలు తేవాలట. మన బైబిల్లో అలాగే ఉంది, రూపాయిలని. సొలొమోను దగ్గర రూపాయిలు ఎక్కడివని నేను పడీపడీ నవ్వాను. నాయనమ్మ నవ్వలేదు. "కౌలు" అంది. కౌలు పొలం చేసిన ఇల్లు మాది, ఆవిడకు అందులో నవ్వేందుకు ఏమీ కనిపించలేదు. ఆ తోట దగ్గర అమ్మాయి అంటుంది, "నా ద్రాక్షావనము నా వశమున ఉన్నది, సొలొమోనూ, ఆ వేయి రూపాయిలు నీకే చెల్లును." మహారాజుకు మొహమ్మీదే చెప్పేసింది, నీ డబ్బు నీ దగ్గరుంచుకో అని. ఏడో వచనంలో సూత్రంగా ఉన్నది ఇక్కడ ఒక ఆడపిల్ల నోట పోట్లాటలా వినిపిస్తుంది. పరమగీతం మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే.

మేనత్త పెళ్లి నాకు బాగా గుర్తు. ఎనభైల నడుమ. మూడు ఆదివారాలు గుళ్లో పెళ్లి ప్రకటన చదివారు, అభ్యంతరమున్నవారు చెప్పవచ్చునన్నారు, ఎవరూ చెప్పలేదు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది, దాని ప్రకారం అభ్యంతరం చెప్పాల్సినవాళ్లే గుడినిండా ఉన్నారు. ప్రధానం నాడు అనుకున్న కట్నంలో కొంత మిగిలిపోయింది. పెళ్లిరోజు పొద్దున పెళ్లికొడుకు తరపు పెద్దమనిషి ఒకాయన వచ్చి, చాలా మర్యాదగా, టీ తాగుతూ, ఆ మిగిలింది చేతికొస్తేగానీ అబ్బాయి గుడి మెట్లెక్కడన్నాడు.

ఇక టెన్షన్ చూడాలి. క్రైస్తవ వివాహాలకు మనకున్నది 1872 నాటి చట్టం. పెళ్లి ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఏడు లోపు జరిగిపోవాలని అందులో ఉంది. పొద్దున పదింటికి అనుకున్న పెళ్లి మధ్యాహ్నం దాటింది. నాన్న అప్పు కోసం సైకిలేసుకుని తిరుగుతున్నాడు. అయ్యగారు గుడి అరుగు మీద నిలబడి చేతిగడియారం చూసుకుంటున్నారు. వండిన అన్నం చల్లారిపోయింది. అత్త తెల్లచీరలో, తలమీద పూలకిరీటంతో, మిషను బడి బెంచీ మీద అలాగే కూర్చుంది. ఏడవలేదు. చివరికి నాయనమ్మ గేదెనూ రెండు పడ్డలనూ విప్పించి అప్పటికప్పుడు ఊళ్లో ఒకాయనకు అమ్మేసింది.

ఐదున్నరకు పెళ్లి మొదలైంది. అయ్యగారు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదమూడో అధ్యాయం తీశారు. "ప్రేమ దీర్ఘకాలము సహించును, దయ చూపించును." ఆ టీ తాగిన పెద్దమనిషి ముందు వరసలో కళ్లుమూసుకుని తలాడిస్తున్నాడు. "బీదలపోషణకొరకు నా ఆస్తి అంతయు ఇచ్చినను, కాల్చబడుటకు నా శరీరమును అప్పగించినను, ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు" అన్న మూడో వచనాన్ని ఆ రోజు చదివారో దాటేశారో నాకు గుర్తులేదు. దాటేసే ఉంటారు, పెళ్లిళ్లలో సాధారణంగా నాలుగో వచనం నుంచే మొదలుపెడతారు.

రాత్రి పందిట్లో నాయనమ్మ పక్కన కూర్చుంటే అంది, "కూతురి కట్నం కూడా చివరికి ఆయనే కట్టుకున్నాడురా." ఎవరి గురించో అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. తర్వాత ఆవిడే, యాకోబు సంగతి ఎత్తింది. రాహేలు కోసం ఏడేళ్లు మామ ఇంట కొలువు చేశాడు, ఆమెను ప్రేమించడం వల్ల ఆ ఏడేళ్లూ కొద్ది దినాల్లా తోచాయని ఆదికాండంలో ఉంది. మామ మోసం చేసి పెద్దకూతుర్ని కట్టబెడితే మరో ఏడేళ్లు చేశాడు. "అక్కడ అల్లుడు కొలువు చేశాడు. మన దగ్గర మామ చెయ్యాలి. మామ పోతే అత్త." అని లేచి గేదె కట్టే చోటికి వెళ్లి, అక్కడ మిగిలిన చిట్టు తొట్టి కడిగి బోర్లించింది.

అత్త కాపురం బాగానే సాగిందని చెప్పాలి. మామయ్య మంచివాడు. ఆ రోజు గుడి మెట్ల దగ్గర తను నోరెత్తనందుకు ఆయన ఎప్పుడూ సిగ్గుపడేవాడు, ఆ మాట అత్తకు చెప్పుకున్నాడు కూడా. కానీ అది వాళ్లిద్దరి కథ.

నేను ఉద్యోగంలో పడ్డాక, సొంతంగా నాలుగు పుస్తకాలు చదవడం మొదలయ్యాక, ఈ వచనాల దగ్గరికి మళ్లీ వచ్చాను. చదివేకొద్దీ నాకు ఒకటి తోచింది. లేఖనాల్లో ప్రేమ వచ్చిన చోటల్లా దాని పక్కనే ఎవరో ఒకరు ఖరీదు కడుతుంటారు. బేతనియలో మరియ అచ్చ జటామాంసి అత్తరు తెచ్చి యేసు పాదాలకు పూస్తే, ఇల్లంతా వాసనతో నిండితే, దాన్ని మూడు వందల దేనారాలకు అమ్మి బీదలకు ఇవ్వొచ్చు కదా అని ఒకడు లెక్క చెప్పాడు. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో ఒక దేనారం రోజు కూలి. అంటే దాదాపు ఏడాది సంపాదన. లెక్క సరిగ్గానే ఉంది. ఆ లెక్క చెప్పినవాడు యూదా. మత్తయి సువార్తలో అత్తరు కథ అయిన వెంటనే వాడు ప్రధానయాజకుల దగ్గరికి వెళ్లి, యేసును పట్టిస్తే నాకేమిస్తారని అడిగి ముప్పై వెండి నాణేలకు బేరం కుదుర్చుకుంటాడు. ఖరీదు కట్టడం అలవాటైనవాడు దేనికైనా కడతాడు.

హోషేయ కథ ఇంకా ఇబ్బంది పెడుతుంది. వదిలిపోయిన భార్యను మళ్లీ ప్రేమించమని దేవుడంటే, ఆ ప్రవక్త పదిహేను తులాల వెండీ ఏదుమున్నర యవలూ ఇచ్చి ఆమెను తెచ్చుకున్నాడు. డబ్బు చాలక ధాన్యం కలిపాడని కొందరు వ్యాఖ్యాతలంటారు. నాకు అది నిజమనే అనిపిస్తుంది. ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి తెచ్చిన మనిషి కనిపిస్తాడు అందులో. ఇక్కడ డబ్బు చేతులు మారింది, అయినా ప్రేమ కొన్నట్టు కాలేదు. నాయనమ్మ గేదెకూ దీనికీ ఏదో పోలిక ఉందని అనిపిస్తుందిగానీ, పూర్తిగా విప్పి చెప్పలేను.

పెళ్లిళ్ల అధ్యాయం గురించి కూడా అప్పుడే తెలిసింది. పౌలు దాన్ని ఏ పెళ్లికీ రాయలేదు. కొరింథులో సంఘం ముక్కలై ఉంది. నేను పౌలువాణ్ని, నేను అపొల్లోవాణ్ని అని జట్లు. ఒకరిమీద ఒకరు కోర్టుల్లో దావాలు. ప్రభు రాత్రి భోజనం దగ్గర ఉన్నవాళ్లు ముందే తినేస్తే లేనివాళ్లు ఆకలితో కూర్చునేవాళ్లు. అలాంటివాళ్లకు రాసిన ఉత్తరం అది. ప్రేమ మత్సరపడదు, డంబముగా ప్రవర్తింపదు, స్వప్రయోజనమును విచారించుకొనదు అని వరసగా ఏకరువు పెట్టింది వాళ్లు చేస్తున్నవన్నీ చూసే. అది తెలిశాక, అత్త పెళ్లిలో ఆ అధ్యాయం చదవడం తప్పేమీ కాదని అర్థమైంది. చదవాల్సిన చోటే చదివారు.

పరమగీతాన్ని దాటేయడం మా ఇంటి అలవాటే కాదనీ తెలిసింది. అసలది పరిశుద్ధ గ్రంథాల్లో ఉండాలా వద్దా అని యూదు పండితులే వాదించుకున్నారు. రెండో శతాబ్దపు రబ్బీ అకీవా ఆ వాదనను తోసిపుచ్చి, పరమగీతం ఇశ్రాయేలుకు ఇవ్వబడిన దినానికి లోకమంతా సాటిరాదన్నాడు. లేఖనాలన్నీ పరిశుద్ధమైతే ఇది అతిపరిశుద్ధమన్నాడు. ఈ మాట ఆయనే ఎందుకన్నాడో నాకు యూదుల ధర్మగ్రంథం తల్మూదులో ఆయన గురించి చెప్పిన కథ చదివాక అనిపించింది. ఆయన మొదట చదువురాని గొర్రెల కాపరి. యజమాని యెరూషలేములో పెద్ద ధనవంతుడు. ఆయన కూతురు ఈ కాపరిని చేసుకుంటే తండ్రి ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. గడ్డి మీద పడుకున్నారట. తలలో చిక్కుకున్న గడ్డిపోచలు తీస్తూ, నాకే ఉంటే నీకు బంగారు యెరూషలేము అనే నగ చేయించేవాణ్ని అన్నాడట ఆయన. ఆమె చదువుకోమని పంపించింది. పన్నెండేళ్లు, ఆపైన ఇంకో పన్నెండేళ్లు. వేల మంది శిష్యులతో తిరిగొస్తే, చిరిగిన బట్టల్లో ఎదురొచ్చిన ఆమెను శిష్యులు నెట్టేయబోయారు. ఆయన ఆపి, వదలండి, నాదీ మీదీ అంతా ఆమెదే అన్నాడు. స్వాస్థ్యమంతా పోగొట్టుకున్న భార్య ఉన్నవాడికి ఆ ఏడో వచనం ఎవరూ వివరించక్కర్లేదు. ఇరవై నాలుగేళ్లు ఒంటరిగా ఉన్నదాని వైపు నుంచి కూడా ఈ కథ ఎవరైనా చెబితే బాగుండును. నాయనమ్మ అయితే వెంటనే అడిగేది, ఆవిడకు మండలేదా అని.

మధ్యయుగాల్లో ఫ్రాన్సులో బెర్నార్డు అనే మఠాధిపతి ఈ పుస్తకం మీద ప్రసంగాలు మొదలుపెట్టి, 86 ప్రసంగాలు రాసి, 1153లో చనిపోయేనాటికి మూడో అధ్యాయం మొదట్లోనే ఉన్నాడు. ఎనిమిదో అధ్యాయం దాకా రానేలేదు. మా వసారాలో మేం తిన్నగా అక్కడే మొదలుపెట్టాం.

నాయనమ్మ ఎనభై దాటి బతికింది. చివరి సంవత్సరాల్లో బెజవాడలో మా దగ్గరే ఉంది, శుక్లాల ఆపరేషను కూడా చేయించాం, మళ్లీ సొంతంగా చదువుకుంది. కానీ పోయాక మట్టి చేయాల్సింది ఊళ్లోనేనని ముందే మాట తీసుకుంది. నవంబరు రెండున సమాధుల పండక్కి అందరూ తమవాళ్ల సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెడుతుంటే ఆవిడకు పెట్టడానికి చోటుండేది కాదు, ఎవరిదో ఒకరి పక్కన పెట్టి వచ్చేసేది. ఇప్పుడు మాకు ఒక చోటుంది.

భూస్థాపన కూడికలో ఏ వాక్యం చదవాలని కొత్తగా వచ్చిన అయ్యగారు అడిగారు. కుర్రాడు, మంచివాడు. "మంచి పోరాటము పోరాడితిని" అన్నదే చదవమంటామని ఆయన అనుకున్నాడు, అందరికీ అదే చదువుతారు. నాన్న పరమగీతం ఎనిమిది, ఆరు ఏడు అన్నాడు. జీవితమంతా ఆ పుస్తకం దాటేసిన మా నాన్న. ఆవిడ నాచేత ఏం చదివించుకునేదో ఆయనకు తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. అయ్యగారు కాస్త తటపటాయించి సరేనన్నారు.

గుడి కిక్కిరిసింది. అయ్యగారు తెరిచి చదివారు. "ప్రేమ మరణమంత బలవంతమైనది" అని, ఒక్క క్షణం ఆగి, "అగాధసముద్రజలము ప్రేమను ఆర్పజాలదు" అంటూ ముందుకెళ్లారు. శవం ముందర ఈర్ష్య, పాతాళం అనే మాటలు బాగుండవనుకున్నాడేమో. ఆడవాళ్ల వైపు వెనక బెంచీ దగ్గర ఎవరో కర్ర టకటకలాడించారు. చూస్తే చిన్న నాయనమ్మ. చిన్నతాత భార్య. తాతమ్మ డబ్బు తీసుకున్న ఇంటావిడ. ఆ డబ్బు తర్వాత ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఎన్నో ఏళ్లు మాటల్లేవు. ఆ మాటలు మళ్లీ ఎప్పుడు కలిశాయో, తోడికోడళ్లిద్దరూ ఏ వేళప్పుడు ఏం చెప్పుకున్నారో మాకెవరికీ తెలియదు.

"మధ్యలోది వదిలేశారండీ అయ్యగారూ" అంది చిన్న నాయనమ్మ, అందరికీ వినబడేట్టు. "మా అక్క ఊరుకోదు."

ఎవరో కిసుక్కుమన్నారు. నాన్న కూడా నవ్వాడు, ఏడుస్తూనే. అయ్యగారు ఎర్రబడ్డ మొహంతో మళ్లీ మొదటినుంచి అందుకున్నారు, ఈసారి ఒక్క ముక్క కూడా వదలకుండా.